బావకొక డిఫరెన్షియల్, బామ్మర్దికొక డిఫరెన్షియల్

మా పని ఏమిటంటే

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, సన్మానం ఎవరు చేశారు వంటివి ఇందులో ఉండవు. సన్మానం ఒక్కసారే జరిగింది. అప్పుడు కప్పిన శాలువాను మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పరిచింది. దానికి బాగా సరిపోయింది.

పనిలో చేరినప్పటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటుంది. ఇప్పుడు అవన్నీ ముందేసుకుని చూస్తే, నా జీవితంలో చాలా భాగం కరెంటు పోవడం, కరెంటు రావడం, మధ్యాహ్నం ఏం కూర అన్నదేనని తెలిసింది. అవి వదిలేసి, మీకు పనికొచ్చేవి మాత్రమే తీసుకున్నాను.

మేం జీపులకు డిఫరెన్షియల్స్ కట్టేవాళ్లం. పెళ్లయి ఇన్నేళ్లయినా మా ఆవిడ ఎవరడిగినా "ఆయన బండ్ల కింద పడుకుంటారు" అనే చెబుతుంది. కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది, బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకుపోతుంది. అలా కాకుండా ఏ చక్రం వేగం దానికి ఇచ్చేందుకు ఇరుసు మధ్యలో పళ్లచక్రాల గుండు ఒకటి ఉంటుంది. అదే డిఫరెన్షియల్. రోడ్డు మీద దాన్ని మించిన వస్తువు లేదు. బురదలోకి దిగితేనే దాని అసలు గుణం బయటపడుతుంది. ఒక చక్రం బురదలో, ఒకటి గట్టినేల మీద ఉన్నాయనుకోండి. తిరుగుడంతా బురదలో ఉన్నదానికే పోతుంది. అది గిర్రున తిరుగుతూ ఉంటుంది. బండిని లాగగలిగిన రెండో చక్రం నిలబడి చూస్తూ ఉంటుంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది.

అందుకని కొండలూ గుట్టలూ ఎక్కించే జీపులవాళ్లు రెండు చక్రాలనూ కలిపి తిప్పే తాళం వేయించుకుంటారు. లోపలి భాగాలు విరగకుండా గట్టివి పెట్టించుకుంటారు. ఎల్బీ నగర్ దాటి సాగర్ రోడ్డెక్కగానే, టైల్స్ దుకాణం వెనక సందులో మా షెడ్డు ఉండేది. ఆదివారం గుట్టల్లో విరిగిందల్లా సోమవారం మా దగ్గరికి వచ్చేది.

ఉస్తాద్

షెడ్డు యజమాని పేరు మల్లేశ్. అందరికీ ఉస్తాద్. నేను గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, "ఏమండీ ఉస్తాద్‌గారూ" అని పిలిచేవాణ్ణి. ఆ "గారూ" వినబడ్డప్పుడల్లా ఆయన వెనక్కి తిరిగి, ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని చూసేవాడు.

పళ్లు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడటానికి వాటికి రంగు పూసి తిప్పాలి. ఒత్తిడి ఎక్కడ పడుతోందో అక్కడ రంగు చెదురుతుంది. ఆ ముద్ర పన్ను మధ్యలో రావాలి. ఉస్తాద్ దీనికి దిల్‌సుఖ్‌నగర్‌లో పూజా సామాన్ల కొట్టు నుంచి సిందూరం తెచ్చి గేరాయిల్‌లో కలిపి పూసేవాడు. ముద్ర మధ్యలో పడితే "బొట్టు మంచిగ కూసున్నది" అనేవాడు. ఒక కస్టమర్ అది చూసి, తన జీపుకు ప్రత్యేకంగా పూజ చేస్తున్నారనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు. కొబ్బరికాయ కూడా తెచ్చాడు. ఉస్తాద్ కాదనకుండా కొట్టాడు.

పళ్ల మధ్య సందు ఎంతుందో నేను డయల్ గేజీ పెట్టి చూసేవాణ్ణి. ఆయన బొటనవేలితో కదిపి వినేవాడు. "టక్ అనాలె. టక్కుటక్ అనొద్దు" అన్నది ఆయన కొలత. చాలాసార్లు ఆయన చెప్పిందీ, నా గేజీ చెప్పిందీ ఒకటే. తప్పినప్పుడు మాత్రం ఘోరంగా తప్పేది. అలా తప్పిన ఒక బండి యజమాని ఫోన్ చేసి, "ఉస్తాద్, బండి వస్తున్నదని మా కుక్కకు ఊరవతల్నే తెలుస్తున్నది" అన్నాడు. నా సలహా అడిగితే గేజీ వాడండి. చెవిని కూడా వాడండి. రెండూ కొట్లాడుకుంటే గేజీ మాట వినండి, ఉస్తాద్‌కు మాత్రం చెప్పకండి.

సకినాలు, జిలేబీలు

బలమైన వస్తువంటే బాగా గట్టిగా ఉండేదని కొత్తవాళ్లు అనుకుంటారు. మేమూ అనుకున్నాం. డిఫరెన్షియల్ లోపల చిన్న గేర్లను పట్టుకుని ఉండే కడ్డీ ఒకటి ఉంటుంది. అది తరచుగా విరుగుతోందని లారీ ఇరుసు ఉక్కుతో కొత్తవి చేయించాం. కాల్చి గట్టిపరచడానికి బయటికి పంపితే మరీ గట్టిగా కాల్చి పంపారు. మొదటి రాయి ఎక్కగానే పటుక్కుమని విరిగాయి. ఈసారి తగ్గించమంటే మరీ తగ్గించారు. అవి విరగలేదు కానీ మెలికలు తిరిగాయి.

ఉస్తాద్ రెండు రకాలనూ అల్మారాలో పెట్టి, మొదటివాటికి సకినాలు అనీ, రెండోవాటికి జిలేబీలు అనీ పేరు పెట్టాడు. అప్పటి నుంచి షెడ్డులో ఉక్కు నాణ్యత గురించిన చర్చంతా ఆ రెండు మాటల్లోనే జరిగేది. "ఈ లాట్ జర సకినం దిక్కు పోయింది సార్." "అయితే కొంచెం జిలేబీ చేయించండి." కొత్తగా వచ్చిన కస్టమరొకాయన ఇది వింటూ చాలాసేపు కూర్చుని, చివరికి "నాకు షుగరున్నది, సకినాలు చాలు" అన్నాడు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఒకటి గట్టి చేస్తే దాని పక్కది విరుగుతుంది. కడ్డీ గట్టి చేస్తే గేరు పోతుంది. గేరు గట్టి చేస్తే ఇరుసు పోతుంది. ఇరుసు గట్టి చేస్తే చక్రం ఊడి పక్కవాడి పొలంలోకి పోతుంది. అన్నీ గట్టి చేస్తే నడిపేవాడి నడుం పోతుంది. ఎక్కడ విరిగితే తక్కువ నష్టమో ఆ చోటు మీరే ఎంచుకోవాలి. ఈ మాట ఏ కస్టమరుకూ నచ్చదు. అయినా చెప్పాలి.

ఒక్క సూత్ ఎక్కువ

తుర్కయంజాల్ నుంచి శ్రీశైలం అనే ఆయన వచ్చేవాడు. భూములున్న కుటుంబం. కొన్ని అమ్మారు, కొన్ని ఉంచుకున్నారు, ఒక జీపు కొన్నారు. ఆయన భార్య పద్మ. పద్మ తమ్ముడు నవీన్ అదే వీధిలో ఉంటాడు. బావ జీపు కొన్న నెలలోపే బామ్మర్ది కూడా అదే మోడల్ జీపు కొన్నాడు. రంగు మాత్రం వేరు.

ఊరవతల నీళ్లింకి బురద మిగిలిన కుంటలో జీపులవాళ్లంతా కలిసి పందెం పెట్టుకున్నారు. ఎదురెదురు గట్ల నుంచి రెండు బండ్లు బురదలోకి దిగాలి. మధ్యలో పాతిన జెండాను చుట్టి, ఎవరి గట్టుకు వాళ్లు తిరిగి రావాలి. బావా బామ్మర్దులు దీనికి తమ సొంత షరతు ఒకటి కలుపుకున్నారు. బామ్మర్ది ఓడితే అతని జీపు వెనక "బావ దీవెన" అని రాయించుకోవాలి. బావ ఓడితే "బామ్మర్ది దయ" అని రాయించుకోవాలి. బండి ఉన్నంతకాలం తీయకూడదు.

ఈ సంగతి శ్రీశైలం నా చెవిలో చెప్పాడు. "సార్, మా బామ్మర్దికి తెల్వొద్దు. వాడు ఏం పెట్టిస్తడో దానికంటె ఒక్క సూత్ గట్టిగ పెట్టున్రి." సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బలాన్ని సూతుల్లో కొలవడం అదే మొదటిసారి విన్నాను.

మర్నాడు నవీన్ వచ్చాడు. "బావకు చెప్పొద్దు సార్. బావ దానికంటె ఒక్క సూత్ ఎక్కువుండాలె."

ఉస్తాద్ ఇద్దరికీ సరేనన్నాడు. "ఇద్దరికీ ఎలా కుదురుతుందండీ?" అని అడిగాను.

"ఇద్దరికి ఒక్కటే రాడ్డు కోసి పెడదాం. ఎవరిది వాళ్లకు ఒక్క సూత్ ఎక్కువనే కనిపిస్తది."

మేం పెట్టబోయేదాన్ని షెడ్డులో "ముద్ద" అనేవాళ్లం. లోపలి చిన్న గేర్లన్నీ తీసేసి, వాటి చోట ఒకే ఉక్కు ముద్ద బిగిస్తాం. విరగడానికి లోపల ఏమీ ఉండదు. రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. వెనక ఇరుసుకు వేస్తే బురదలో బాగా పనిచేస్తుంది. కానీ ఇద్దరూ ముందు ఇరుసుకు కూడా వేయమన్నారు.

"ముందు కూడా వేస్తే బండి మలుపు తిరగదండీ. స్టీరింగ్ తిప్పినా తిన్నగానే పోతుంది" అని శ్రీశైలానికి చెప్పాను.

"తిరుగుడెందుకు సార్. ముంగటికి పోవాలె గని."

నవీన్‌కూ చెప్పాను. "బావ వేయించిండా?" అన్నాడు. నేను గేజీ తుడవడం మొదలుపెట్టాను. "అయితే నాకూ వెయ్యున్రి" అన్నాడు.

ఒక మాట వల్ల వచ్చిన తంటా

మా షెడ్డులో డిఫరెన్షియల్ అనే మాటను పూర్తిగా పలికేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా అందరికీ అది "డిఫరెన్స్". ఇళ్లల్లో ఆ మాటకు మనస్పర్థ అని అర్థమన్న సంగతి మాకెవరికీ తట్టలేదు.

పాత భాగాలు విప్పాక ఉస్తాద్ శ్రీశైలానికి ఫోన్ చేశాడు. ఫోన్ పద్మ ఎత్తింది. ఎవరెత్తారో చూసుకుని మాట్లాడే అలవాటు ఉస్తాద్‌కు లేదు. "డిఫరెన్స్ శానా ఎక్కువైంది. లోపలంత ఖరాబు. ఇగ అతుకది. నవీన్‌ది గూడ గంతే ఉన్నది" అని చెప్పి పెట్టేశాడు.

ఆవిడ పరిస్థితి ఆలోచించండి. ప్రతి ఆదివారం ఒకే కంచం దగ్గర కూర్చునే భర్తా తమ్ముడూ కొన్ని రోజులుగా విడివిడిగా బయటికి పోయి ఫోన్లు మాట్లాడుతున్నారు. అడిగితే మాట దాటేస్తున్నారు. భూమి ధరలు పెరిగాక బావా బామ్మర్దులు మొహాలు చూసుకోవడం మానేసిన ఇళ్లు ఆ వీధిలోనే ఉన్నాయి. తన ఇల్లూ ఆ వరసలో చేరుతోందనుకుంది. మేం ముద్దలు బిగించిన రోజే స్కూటీ వేసుకుని నేరుగా షెడ్డుకు వచ్చింది.

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లాడు.

"మా ఆయనకు, మా తమ్మునికి డిఫరెన్స్ పెట్టింది ఎవరు?" అని అడిగింది.

"మేమే అక్కా" అన్నాడు ఉస్తాద్ గర్వంగా. "నా చేతులతోని పెట్టిన."

"ఎందుకు పెట్టినవ్?"

"వాళ్లే అడిగిన్రక్కా. ఒకలకు తెల్వకుంట ఒకలొచ్చి, గట్టిగ పెట్టమన్నరు."

"వాళ్లడిగితే పెడ్తవా? తీసేసుడు రాదా?"

"తీసుడేందక్కా. ఒక్కసారి మేం పెట్టినమంటే జిందగీల పోదు. ఎల్బీ నగర్‌ల ఎవరికి డిఫరెన్స్ కావాల్నన్నా మా తానకే వస్తరు. మా నాయిన కాలం నుంచి ఇదే పని మాది."

పద్మ అక్కడున్న టైరు మీద కూలబడింది. నేను గబగబా వెళ్లి, "అమ్మా, మీరనుకుంటున్న డిఫరెన్స్ వేరు" అన్నాను.

"అంటే ఇంకోటి గూడ ఉన్నదా?"

చేసేది లేక ఆవిడను బల్ల దగ్గరికి తీసుకెళ్లి, సిందూరం పూసిన పళ్లచక్రాన్ని చూపించి, అదేమిటో, మేమేం చేస్తామో, పందెం ఏమిటో మొత్తం చెప్పాను. రహస్యం దాస్తామని ఇద్దరికీ మాటిచ్చాం కానీ, ఆవిడ మొహం చూస్తూ దాయడం నా వల్ల కాలేదు. మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"సార్, భూమి లొల్లి అయితే పెద్దమనుషుల్ల కూసోని తెంపుకుంటరు. గిది బండి మీద రాత. వాడు నా చిన్న తమ్ముడు. ఓడిపోయి గా రాతతోని ఊర్ల తిరుగుమంటె మా ఇంటి దిక్కే రాడు. మా ఆయన ఓడితే అన్నం తినడు. ఎవరు గెలుస్తరు సార్?"

"ఇద్దరికీ ఒకే ముద్ద పెట్టామమ్మా."

ఆవిడకు అది జవాబుగా అనిపించలేదు. నిజానికి అది జవాబే. ఆ సంగతి నాకూ అప్పుడు తెలియదు.

కుంటలో

షెడ్డు నుంచి తుర్కయంజాల్ దాకా సాగర్ రోడ్డు దాదాపు తిన్నగా ఉంటుంది. అందువల్ల నేను ముందే చెప్పినా, తమ బండ్లు తిరగవన్న సంగతి ఆదివారం దాకా బావకూ అనుభవంలోకి రాలేదు, బామ్మర్దికీ రాలేదు.

నేనూ ఉస్తాద్ వెళ్లేసరికి కుంట చుట్టూ జనం. కుంట సగం అప్పటికే వెంచరు కింద పోయింది. గట్టు మీద ప్లాటు రాళ్లకు తెల్ల సున్నం వేసి ఉంది. పద్మ కనిపించలేదు. చూడలేనని ఇంట్లోనే ఉండిపోయిందనుకున్నాను.

వాళ్లిద్దరి వంతు వచ్చింది. రెండు జీపులూ ఎదురెదురు గట్ల నుంచి దిగాయి. అంతవరకు దిగిన బండ్లన్నీ ఇరుక్కున్న చోట ఇవి ఆగనేలేదు. నాలుగు చక్రాలూ కలిసి తవ్వుకుంటూ వస్తుంటే, నిజం చెప్పాలి, నాకు గర్వంగానే అనిపించింది. ఉస్తాద్ నా భుజం మీద కొట్టి, "సకినం కాదు, జిలేబీ కాదు, చూస్తున్నవా సార్" అన్నాడు.

జెండా దగ్గరికి వచ్చాక ఇద్దరూ స్టీరింగు తిప్పారు. ముందు చక్రాలు పక్కకు తిరిగాయి. బండ్లు మాత్రం తిన్నగానే వస్తున్నాయి.

"బావా, పక్కకు జరుగు" అని నవీన్ కేక.

"నువ్వు జరుగురా."

"జరుగుతలేదు బావా."

"నాది గూడ జరుగుతలేదురా."

జెండా రెండు బండ్ల మధ్య నలిగింది. ముందు బంపర్ల కొక్కేలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకున్నాయి. ఇద్దరూ రివర్సు వేశారు. ఒకే రాడ్డు నుంచి కోసిన ముద్దలు. ఒకే ఇంజన్లు. బావ ఎంత వెనక్కి లాగుతున్నాడో బామ్మర్దీ అంతే లాగుతున్నాడు. ఎనిమిది చక్రాలూ గుంటలు తవ్వుతున్నాయి. రెండు జీపులూ ఉన్నచోటే మెల్లగా కిందికి దిగిపోతున్నాయి. గట్టు మీద ఎవరో మొక్కజొన్న పొత్తులు కూడా కొనుక్కుని తింటూ చూస్తున్నారు.

"ఒక్క సూత్ గూడ కదలలే" అన్నాడు ఉస్తాద్ నాతో. ఆ గొంతులో బాధ ఏమీ లేదు.

సీట్ల దాకా బురద వచ్చాక ఇద్దరూ ఇంజన్లు ఆపి టాపుల మీదికెక్కారు. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "నాది ముందుగాల జెండా తాకింది." "జెండా నీ దిక్కు వంగింది, నేను తాకిస్తెనే వంగింది." ఇద్దరూ ఒకేసారి నా వైపు చూసి, "సార్, మీరు చెప్పున్రి" అన్నారు. గట్టు మీద అందరూ నా వైపు తిరిగారు. నేను ఒకరి పేరు చెబితే రెండోవాడు పద్మ చేతి అన్నం ముట్టడు. జేబులో గేజీ ఉంది కానీ దానితో కొలిచే పని కాదు అది.

అంతలో వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. పద్మ చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని నడుపుకుంటూ వచ్చింది. గట్టు అంచున తిప్పి నిలబెట్టి, గొలుసు ఒక కుర్రాడి చేత శ్రీశైలం జీపు వెనక కట్టించింది. ట్రాక్టరు ఒక చక్రం బురదలో జారి గిర్రున తిరిగింది. ఆవిడ తొణకలేదు. మడమతో సీటు కింది పెడల్ ఒకటి తొక్కింది. రెండు వెనక చక్రాలూ కలిసి నేలను పట్టాయి. ఆ తాళం ట్రాక్టర్లలో కంపెనీ నుంచే వస్తుంది. కావాల్సినప్పుడు తొక్కుతారు, అక్కర్లేనప్పుడు కాలు తీస్తారు. మలుపు తిరగడానికి ఏ ఇబ్బందీ ఉండదు. మీరు ఇదంతా చదివి ఒక్క పాఠమే నేర్చుకుంటే, ఇది నేర్చుకోండి.

శ్రీశైలం జీపు కదిలింది. కొక్కెం చిక్కుకుని ఉంది కాబట్టి దాని వెనకే నవీన్ జీపూ వచ్చింది. టాపుల మీద బావా బామ్మర్దులు, ఊరేగింపులో దేవుళ్లలాగా, గట్టెక్కారు.

"ఎవరు గెలిచిన్రు?" అని పద్మ అడిగింది. ఇద్దరూ టాపుల మీంచి దిగి బురద దులుపుకున్నారు. "ఎవరు బయటికి తీసిన్రు?" అని అడిగింది.

స్టిక్కరు

మర్నాడు ముందు ఇరుసుల ముద్దలు తీసేసి, కావాల్సినప్పుడే పనిచేసే తాళాలు పెట్టాం. తర్వాత పద్మ ఇద్దరినీ దిల్‌సుఖ్‌నగర్‌లో రేడియం స్టిక్కర్ల కొట్టుకు నడిపించుకుపోయింది. బండి మలుపు తిరుగుతోందో లేదో చూడాలన్న వంకతో నేనూ వెళ్లాను.

"రెంటికి ఒక్కటే రాత. అక్క దీవెన" అంది పద్మ.

నవీన్‌కు అభ్యంతరం లేదు. శ్రీశైలం గొణిగాడు. "వానికి అక్క. నాకు అక్క ఎట్లయితవే?"

"మరి నీకేం రాయమంటవ్? పెండ్లాం దీవెన అని రాయన్నా?"

శ్రీశైలం చైతన్యపురి మీదుగా ఎల్బీ నగర్ దాకా ఆ రాతతో పోవడాన్ని ఊహించుకున్నట్టున్నాడు. హాస్టళ్ల ముందు నిలబడే పిల్లలంతా ఆయన కళ్ల ముందు మెదిలి ఉంటారు. చివరికి "అక్కనే ఉండనియ్" అన్నాడు.

ఇద్దరూ మళ్లీ ఆదివారాలు కలిసే తింటున్నారు. కొన్నాళ్ల తర్వాత నేను శ్రీశైలం పక్క సీట్లో కూర్చుని వస్తుంటే, ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ పోలీసు కాగితాలు చూసి, వెనక్కి వెళ్లి ఆ రాత చదివి వచ్చాడు. శ్రీశైలం ఏ నాయకురాలి మనిషో తేల్చుకోవాలనుకున్నాడు.

"అక్క అంటే ఎవరు? ఏం జేస్తది?"

శ్రీశైలం చేతులు స్టీరింగు మీద పెట్టి, తిన్నగా ముందుకు చూస్తూ, "ట్రాక్టర్ నడుపుతది సార్" అన్నాడు.